బియ్యమును లాగు చెంబు

పెరటిలో లంకెబిందెలు దొరకుననియు, మంత్రించిన కలశము ఇంటనున్న సిరి నిలుచుననియు మన పల్లెలలో నమ్మిక చిరకాలముగా కలదు. దీనినే ఆసరాగా గొని కొందరు వంచకులు ‘రైస్ పుల్లింగ్’ చెంబు పేరిట జనులను మోసగించుచున్నారు.

పిడుగు పడిన పాత రాగిచెంబులో ఇరిడియమను లోహము పుట్టుననియు, అది బియ్యపుగింజలను తనవైపు లాగుననియు, విదేశీయులు దానిని కోట్ల రూపాయలకు కొందురనియు వారు చెప్పుదురు. ఇందు సత్యము లేదు. పిడుగు రాగిని వేరొక లోహముగా మార్చజాలదు. రాగి గాని, ఇరిడియము గాని బియ్యమును ఆకర్షింపవు. గింజలకు ఇనుపరజను పట్టించి, చెంబులో అయస్కాంతమును దాచుటయే ఇందలి కిటుకు. పిమ్మట పరీక్షలకనియు, శాస్త్రజ్ఞుల రుసుమనియు విడతలుగా సొమ్ము గుంజుదురు.

పట్టణవాసులును ఇందు చిక్కుచున్నారు. ఢిల్లీలో ఒక వ్యాపారివద్ద ఇట్లు 1 కోటి 43 లక్షల రూపాయలు కాజేసిరని తండ్రీకొడుకులను 2018లో పోలీసులు అరెస్టు చేసిరి.

పంచాయతీ సభ్యులను మేము కోరునది ఇది. ఇట్టివారు గ్రామమునకు వచ్చినచో మన ఇంటి బియ్యముతో, పదుగురి యెదుట చెంబును పరీక్షింపుడనుడు. దాని మహిమ అక్కడనే తేలిపోవును. వెంటనే పోలీసులకు తెలుపుడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద, మోసగించి సొమ్ము కాజేసినవారికి 7 సంవత్సరముల వరకు శిక్ష విధింపవచ్చును.

మోసపోయినవారు సిగ్గుచే నోరు మెదపరు. వారిని ఎగతాళి చేయక, ఫిర్యాదు వ్రాయుటకు తోడ్పడవలెను. పొలము తాకట్టుపెట్టి చెంబు కొన్నవానికి చివరకు మిగులునది ఆ చెంబొక్కటే.