నాలుకకు కళ్లెము

స్టూడియో తలుపుమీది ఎఱ్ఱదీపము వెలిగినది మొదలు మేము పలికిన ప్రతి మాటయు మా చేయి దాటిపోవును. తప్పు దొరలినచో సవరణ చెప్పగలము. కాని మొదటి మాటను విన్నవారందఱును ఆ సవరణను విందురను నమ్మకము లేదు. శ్రోతల యిండ్లలోని స్థితియు ఇంతకంటె వేఱు కాదు. భోజనముల వేళ కోపముతో అన్న మాట, వీథి అరుగుమీద నవ్వులాటకన్న మాట, ఒకరి పెండ్లి సంబంధమును గూర్చి పొరుగువారి చెవిలో వేసిన మాట, ఇవియు మరలి రావు. అచ్చట హెచ్చరించుటకు దీపము లేదు, అంతే భేదము. మాటను వాడవలసిన తీరును గూర్చి క్రైస్తవ సంప్రదాయము తరతరములుగా ఆలోచించినది. అందు మూడు ఘట్టములను ఇచ్చట పరిశీలింతము.

మొదటిది కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక. ఐదు అధ్యాయముల చిన్న లేఖ యిది. దీని మూడవ అధ్యాయము నాలుకను గూర్చి ప్రసిద్ధమైనది. అందలి హెచ్చరిక మొదట బోధకులను ఉద్దేశించినది. బోధకులగుటకు అనేకులు తొందరపడరాదనియు, అట్టివారు మఱింత కఠినమైన తీర్పునకు లోనగుదురనియు దాని భావము. మాటయే వృత్తిగా గల మావంటివారికి ఇది సూటిగా తగులును. పిదప మూడు ఉపమానములు వచ్చును: గుఱ్ఱము నోటి కళ్లెము, ఓడను త్రిప్పు చుక్కాని, అడవిని దహించు నిప్పు. మొదటి రెంటిలో చిన్నది పెద్దదానిని నడపును, మూడవదానిలో చిన్నది పెద్దదానిని బూడిద చేయును. శక్తి ఒక్కటే, దాని ఫలము మాత్రము దానిని వాడువాని చేతిలో నున్నది.

నాలుకను అదుపులో నుంచుటకు ఈ పత్రిక చూపు కారణము లోకమర్యాద కాదు. దేవుని స్తుతించిన నోటితోనే, దేవుని పోలికగా సృజింపబడిన మనుష్యుని శపించుట ఎట్లు పొసగునని అది ప్రశ్నించును. అనగా తోటివానిని నిందించుట ఆతని సృష్టికర్తను అవమానించుటయే. అట్లని తీయని మాటలన్నియు మంచి మాటలు కావు. బట్టలేక ఆకలితో నున్నవానికి ఏమియు నీయక, చల్లగా నుండుమని దీవించి పంపుటవలన ప్రయోజనమేమని అదే పత్రిక రెండవ అధ్యాయములో అడుగుచున్నది.

రెండవ ఘట్టము 6వ శతాబ్దపు ఇటలీ దేశమునందలిది. మాంటే కసీనో మఠమును స్థాపించిన బెనెడిక్టు, మఠవాసులకై 73 అధ్యాయముల నియమావళిని రచించెను. ఆఱవ అధ్యాయము మౌనమును గూర్చినది. ఇంతమాత్రము విన్నవారు ఆయన మాటకే విరోధి యనుకొందురు. ముప్పదియొకటవ అధ్యాయము చదివినచో ఆ భ్రమ తొలగును. అది ఉగ్రాణాధికారిని గూర్చినది. ధాన్యము, నూనె, పనిముట్లు అన్నియు ఆతని స్వాధీనములోనివే గనుక ప్రతివాడును ఆతనినే యాచించును. ఒక్కొక్కప్పుడు ఉగ్రాణములో ఆ వస్తువు ఉండదు. అప్పుడు ఆతడు విసుగుకొనక, ఒక మంచి మాటనైన ఇచ్చి పంపవలెనని నియమము. ఉగ్రాణము నిండియుండగా మాటతో సరిపెట్టుట యాకోబు పత్రిక ఖండించిన దోషము. ఉగ్రాణము ఖాళీయైనప్పుడు మాటనైన ఇయ్యకుండుట బెనెడిక్టు నివారింపదలచిన దోషము. ఈ రెంటి నడుమ నున్నది మన దైనందిన జీవితము.

మూడవ ఘట్టము మనకు మిక్కిలి సమీప కాలమునందలిది. 1935లో జర్మనీలో డీట్రిక్ బోన్‌హోఫర్ అను పాదిరి, హిట్లరు ప్రభుత్వమునకు తలయొగ్గని సంఘము పక్షమున యువబోధకులకు శిక్షణమిచ్చు విద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. అది ఫింకెన్‌వాల్డెలో నుండెను. ఆ చోటు నేడు పోలండు దేశములో చేరియున్నది. అచ్చట ఆయన విధించిన నియమము ఒకటి మిక్కిలి సరళమైనది: తోటి విద్యార్థి ఎదుట లేనప్పుడు ఆతనిని గూర్చి మాటలాడరాదు, పొరపాటున మాటలాడినచో పిమ్మట ఆ సంగతి ఆతనికే తెలుపవలెను. ప్రసంగములవలనను గ్రంథవ్యాఖ్యానములవలనను ఎంత నేర్చిరో, ఈ నియమమును తప్పి మరల పాటింప నిశ్చయించుకొనుటవలనను దాదాపు అంతయు నేర్చిరట. 1937లో రహస్యపోలీసులు ఆ విద్యాలయమును మూసివేసిరి. అచ్చటి అనుభవమును పురస్కరించుకొని 1939లో బోన్‌హోఫర్ ప్రకటించిన గ్రంథములో, నాలుకను నిగ్రహించుటయు, ఇతరుని ఓపికతో వినుటయు తోటివానికి చేయు సేవలుగా పేర్కొనబడినవి.

అట్లయినచో ఎల్లవేళల మౌనమే మేలా? కాదు. సామెతల గ్రంథము కడపటి అధ్యాయములో, లెమూయేలు రాజునకు ఆతని తల్లి చేసిన ఉపదేశము కలదు. తమకై తాము మాటలాడలేనివారి పక్షమున నోరు తెఱువవలెనని ఆ తల్లి బోధ. బోన్‌హోఫర్ తన దేశములో ఈ బోధను పదేపదే జ్ఞప్తికి తెచ్చెను. 1943లో ఆయన చెఱపాలయ్యెను. ఆయన నోట వెడలు ఒక్క మాటపై పలువురి ప్రాణములు ఆధారపడియున్న ఆ దినములలో, సత్యము పలుకుట యననేమో వివరించుచు ఒక వ్యాసమును ఆరంభించెను. అందొక దృష్టాంతము. ఒక ఉపాధ్యాయుడు తరగతిలో అందఱియెదుట ఒక బాలుని, నీ తండ్రి త్రాగి యింటికి వచ్చునట గదా యని అడిగెను. మాట నిజమే, కాని బాలుడు కాదనెను. బాలుడు చెప్పినది అబద్ధమే. అయినను తప్పు ప్రధానముగా ఎవ్వరిది? అడుగరాని చోట అడుగరాని ప్రశ్న వేసిన ఉపాధ్యాయునిదే యని బోన్‌హోఫర్ తీర్పు. ఇది బొంకుటకు అనుమతిపత్రము కాదు. ఒకరి గుట్టును నలుగురియెదుట లాగుటకు సత్యము పేరు చాలదని చెప్పుటయే దీని సారము. ఆ వ్యాసము అసంపూర్ణముగనే మిగిలినది. 1945 ఏప్రిల్ 9వ తేదీన ఆయనను ఉరితీసిరి.

మనము అట్టి పరీక్షలకు లోనుగాకపోవచ్చును. కాని బంధువులెదుట బిడ్డను నిలిపి ఈ పర్యాయము మార్కులెన్ని వచ్చినవని అడుగు ప్రతి పెద్దయు ఆ ఉపాధ్యాయుని తలపునకు తెచ్చుకొనవలెను. కోడలు గదిలో లేనప్పుడు ఆమెను గూర్చియు, అత్త లేనప్పుడు ఆమెను గూర్చియు నడచు సంభాషణములకు ఫింకెన్‌వాల్డె నియమము చక్కగా అన్వయించును. ఒక్క వారము దీనిని ఇంటిలో పాటించి చూడవచ్చును. మా కార్యాలయములో మేమును ప్రయత్నించితిమి. రెండవ దినమే తప్పితిమి. లేనివారిని గూర్చి తప్ప మాకు మాటలాడుటకు వేఱు విషయము ఎంత తక్కువ యున్నదో ఆనాడే తెలిసినది.