గని త్రవ్వి పూడ్చిన భూములను పరీక్షించు విధము

గోదావరీ లోయలో ఇల్లెందు ప్రాంతమున 1871వ సంవత్సరమున బొగ్గు కనుగొనబడినది. నాటినుండి కొత్తగూడెము, రామగుండము, మందమఱ్ఱి, భూపాలపల్లి మొదలగు తావులకు గనులు వ్యాపించినవి. పూర్వము నేలలోపల సొరంగములు త్రవ్వి బొగ్గు తీయుచుండిరి. ఇప్పుడు అధికభాగము ఓపెన్ కాస్టు గనులనుండియే వచ్చుచున్నది. ఈ పద్ధతిలో పైమట్టిని, దాని క్రింది ఇసుకరాతి పొరలను పూర్తిగా తొలగింతురు. బొగ్గు తీసిన పిమ్మట ఆ రాతిమట్టితో గోతిని కొంతవఱకు పూడ్చి, మిగిలినదానిని గుట్టలుగా పోయుదురు. పూడ్చిన నేల చదునుగా కనుపించినను అది మన పాత చేను కాదు. అట్టి నేల సేద్యమునకు లభించినచో, విత్తుటకు ముందు దాని నెట్లు పరీక్షింపవలెనో యిచ్చట వివరింపదలచితిమి.

మామూలు భూసార పరీక్ష తరతరములుగా దున్నబడిన చేనికొరకు ఏర్పడినది. అరఅడుగు లోతు మట్టిని తీసి, ఆరబెట్టి, నలిపి, రెండు మిల్లీమీటర్ల జల్లెడలో జల్లించి, దిగిన మట్టిని మాత్రమే పరీక్షింతురు. చేనికి ఇది చాలును. పూడ్చిన నేలకు చాలదు. ఏలన, అట్టి నేలలోని ముఖ్యమైన లోపములు నాలుగు ఈ జల్లెడకు చిక్కవు.

మొదటిది రాళ్లు. ఎకరము నేలలో అరఅడుగు లోతున సుమారు 900 టన్నుల మట్టి యుండును. అందు సగము బరువు రాళ్లే యైనచో పైరునకు ఆహారమిచ్చునది 450 టన్నులు మాత్రమే. పరీక్షా పత్రమున పొటాషు మధ్యమమని వ్రాసియున్నను, ఆ లెక్క జల్లించిన మట్టికి చెల్లును గాని చేనికి చెల్లదు. తేమను పట్టియుంచు శక్తియు అట్లే తగ్గును. కావున జల్లెడపై నిలిచిన రాళ్లను పారవేయక తూచి, నూటికెన్ని పాళ్లో వ్రాసికొనవలెను.

రెండవది బొగ్గుపొడి. సేంద్రియ కర్బనము నూటికి 0.5 కంటె తక్కువైన నేల బీదదనియు, 0.75 మించినచో సారవంతమనియు మన ప్రయోగశాలలు నిర్ణయించుచున్నవి. కాని మట్టిలో కలిసిన బొగ్గుపొడియు ఈ పరీక్షలో కొంతవఱకు కర్బనముగనే లెక్కకు వచ్చును. అది చివికిన పెంట కాదు. దానివలన పైరునకు నత్రజని లభింపదు. కర్బనమునుబట్టియే నత్రజనిని అంచనాకట్టు ప్రయోగశాలలును గలవు. అట్టి పత్రమును నమ్మి ఎరువు తగ్గించిన రైతు పైరు పసుపువారిన తరువాతగాని సంగతి నెఱుగడు. కావున లభ్య నత్రజనిని ప్రత్యేకముగా పరీక్షింపుడని అడుగవలెను.

మూడవది గట్టిదనము. పెద్ద లారీలును డోజరులును నడచిన నేల లోపల బండవలె బిగిసియుండును. నలిపిన నమూనాలో ఈ బిగువు నిలువదు. కొలత తెలిసిన ఇనుపవలయమును నేలలో దింపి, చెదరకుండ తీసిన మట్టిని 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూచినచో ఇది తెలియును. మంచి చేనిలో ఘనపు సెంటీమీటరునకు 1.2 మొదలు 1.5 గ్రాములుండును. బంకనేలలో 1.6 మించినచోటను, ఇసుకనేలలో 1.8 మించినచోటను వేళ్లు దిగుట కష్టము. ఇంటివద్ద చేయదగిన పరీక్షయు గలదు. మంచివాన కురిసిన రెండు దినములకు మొనగల ఇనుపకడ్డీని నేలలో గ్రుచ్చి, ఏ లోతున ఆగుచున్నదో పలుచోట్ల చూడవలెను. అడుగులోతు గోతిలో పోసిన నీరు మఱునాటికిని నిలిచియున్నచో అడుగున బిగువు గలదని యనుమానింపవలెను.

నాలుగవది దాగియున్న ఆమ్లము. కొన్ని రాతిపొరలలో ఇనుము, గంధకము కలిసిన పైరైటను ఖనిజముండును. అది గాలియు నీరును తగిలి క్రమముగా గంధకామ్లమగును. నేడు పి.హెచ్. 7 చూపిన మట్టి కొన్నియేండ్లకు 5 కంటె దిగువకు పోవచ్చును. 5.5 కంటె తగ్గిన నేలలో అల్యూమినియము కరగి వేళ్లను చెఱచును. గోదావరీ లోయ బొగ్గులో గంధకము సాధారణముగా తక్కువ. అస్సాము బొగ్గులో ఎక్కువ. అయినను పొరపొరకు భేదముండును గనుక పరీక్ష మానరాదు. ప్రయోగశాలలో హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి, పిమ్మట పి.హెచ్. చూచినచో రాబోవు ఆమ్లము ముందే తెలియును. నూటికి 1 పాలు పైరైటు గంధకమున్న నేలకు, అరఅడుగు లోతునకే, ఎకరమునకు సుమారు 28 టన్నుల సున్నపురాతి పొడి కావలెను. ఇంత ఖర్చు విత్తిన పిమ్మట తెలియుటకంటె ముందే తెలియుట మేలు గదా!

ఇక నమూనా తీయు విధము. చేనిలో పదిపదునైదు చోట్ల మట్టి తీసి ఒకటిగా కలుపుదుము. పూడ్చిన నేలలో లారీకొక రకపు మట్టి పడియుండును; అన్నియు కలిపినచో చెడ్డతావు మంచితావు చాటున దాగిపోవును. కావున రంగు, రాళ్లు, నీరు నిలుచుట, కలుపు మొలచుట వీనినిబట్టి నేలను తునుకలుగా విభజించి, ప్రతి తునుకలోను మూడడుగుల గోతులు త్రవ్వి, అరఅడుగు, అడుగు, రెండడుగులు, మూడడుగుల వఱకు పొరపొరకు వేఱుగ నమూనాలు తీయవలెను.

లోపములు బయలుపడిన నేలలో వెంటనే వరి, ప్రత్తి వేయరాదు. మొదట జనుము, జీలుగ, పిల్లిపెసరలను పెంచి దున్నుట, చెఱువుమట్టి తోలుట, బిగిసిన నేలను లోతుగా చీల్చుట మంచిది. రాళ్లు మిక్కుటమైన తావులను గడ్డికి, కానుగ, వేప వంటి చెట్లకు విడువవలెను. పూడ్చిన నేల కొన్నియేండ్లు క్రుంగుచుండును గనుక తొందరపడి గట్లకు, కాలువలకు ఎక్కువ ధనము వెచ్చింపరాదు.

వీనియన్నిటికంటె మేలైనది గని తెఱచుటకు ముందు చేయు పని. పైమట్టిని వేఱుగ తీసి, ఎత్తు తక్కువ కుప్పలుగా పోసి, పచ్చిక పెంచి, వీలైనంత త్వరలో తిరిగి పఱపవలెను. అంగుళము పైమట్టి యేర్పడుటకు వందల యేండ్లు పట్టును; అది రాతితో కలిసిన పిమ్మట వేఱుచేయుట ఎవరితరమును కాదు. గని రాబోవు గ్రామముల సభ్యులు తమ చేల మట్టి లోతును, గుణమును నేడే పరీక్షింపించి, ఆ పత్రములను భద్రపఱచుకొనవలెను. రేపు తిరిగివచ్చు నేల ఎట్లుండవలెనో చెప్పుటకు అదియే కొలబద్ద.

ఇట్టి భూములపై పంట అప్పు కోరు సభ్యులను, ఇచ్చు సంఘములను మేము కోరునది యొక్కటే: గోతి త్రవ్వి చూడనిదే విత్తనమునకు అప్పు చేయవలదు. పైరు పోయినను అప్పు పోదు. ఆ భారము మొదట రైతుపైనను, పిదప సంఘమందలి తోడివారందఱిపైనను పడును.