రాసిన చోటే చూసుకునే కిటికీ

కంప్యూటర్ నేర్చుకునే పిల్లల గదికి వచ్చిన దాతలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంటర్నెట్ లేనప్పుడు ఈ పిల్లలు వెబ్‌సైట్ ఎలా తయారు చేస్తున్నారు?" న్యాయమైన ప్రశ్నే. జవాబు వాళ్లు వాడే ఎడిటర్‌లోనే ఉంది.

ఎడిటర్ అంటే కోడ్ రాసుకునే నోటుబుక్కు లాంటిది. మైక్రోసాఫ్ట్ వారు 2015లో తెచ్చిన విజువల్ స్టూడియో కోడ్ ఉచితంగా దొరుకుతుంది. అందులోనే ఒక చిన్న బ్రౌజర్‌ను తెరుచుకోవచ్చు. దానికి 'లైవ్ ప్రివ్యూ' అనే అనుబంధాన్ని ఒక్కసారి నెట్ ఉన్నప్పుడు దించుకుంటే చాలు. తరువాత పేజీ ఫైలు మీద కుడి క్లిక్ చేసి 'షో ప్రివ్యూ' అంటే తెర రెండుగా చీలుతుంది. ఒక పక్క కోడ్, మరో పక్క పేజీ. పైన 127.0.0.1 అనే చిరునామా కనబడుతుంది. దాని అర్థం 'ఈ కంప్యూటరే' అని. పేజీ ఎక్కడి నుంచో రావడం లేదు, ఈ పెట్టెలోనే పుట్టి ఈ పెట్టెలోనే కనబడుతోంది. ఇక నెట్‌తో పనేముంది?

దీని విలువ ఉర్దూ పేజీ తయారు చేసేటప్పుడు బాగా తెలుస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఆ సంగతి కోడ్‌లో చెప్పకపోతే పేరా ఎడమ అంచుకు అతుక్కుంటుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలు వస్తే వరుస తారుమారవుతుంది. 'డిఐఆర్' అనే గుర్తుకు 'ఆర్‌టీఎల్' అని విలువ ఇవ్వగానే, ఇంకా సేవ్ చేయకముందే, పేరా మొత్తం కుడివైపుకు జరుగుతుంది. ఏ మాటకు ఏ మార్పు వచ్చిందో పిల్లవాడు కళ్లారా చూస్తాడు. ఈ పాఠం నేను బల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా అంత బాగా ఎక్కదు. వేరే బ్రౌజర్‌కు వెళ్లి, పేజీని మళ్లీ లోడు చేసి వచ్చేసరికి తాను మార్చిందేమిటో సగం మంది మరిచిపోతారు.

అయితే ఇది పూర్తి బ్రౌజర్‌కు బదులు కాదు. ఇదే ఎడిటర్‌లో 'సింపుల్ బ్రౌజర్' అని మరొకటి ఉంది. అందులో కొన్ని బయటి సైట్లు తెరుచుకోవు. తమ పేజీని ఇంకొకరి చట్రంలో చూపించడానికి ఆ సైట్లు ఒప్పుకోవు, అంతే. పిల్లలు నెట్ పోయిందనుకుని వైరు పీకి పెడుతుంటారు! పని పూర్తయ్యాక క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, ముఖ్యంగా ఫోనులో చూడాల్సిందే. చూసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫోనే కదా.

కంప్యూటర్లు ఇవ్వాలనుకునే వారికి ఒక మాట. ఈ ఎడిటర్‌కు 1 జీబీ ర్యామ్ చాలని తయారీదారులు రాశారు. దాన్ని నమ్ముకోకండి, 4 జీబీ ఉంటే పిల్లలు విసుక్కోకుండా పని చేసుకుంటారు. అంతకన్నా ముఖ్యం తెర వెడల్పు. తెర రెండుగా చీలాక కూడా అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. కొత్త యంత్రమే కానక్కర్లేదు, మీ ఆఫీసులో మూలన పడున్న పెద్ద మానిటర్ అయినా పనికొస్తుంది.