చుక్క పడలేదు కాబట్టి లీకు లేనట్టేనా?

బంకులో గన్ను టక్కుమని ఆగుతుంది. మీటరు మీద 1,940 రూపాయలు. "ఫుల్ అయింది సార్" అంటాడు కుర్రాడు. "రెండు వేలు చేసెయ్ బాబూ, చిల్లర గొడవెందుకు" అంటాడు కారాయన. కుర్రాడు గన్ను కాస్త పైకి లాగి, మూతి దగ్గర పెట్రోలు తొణికేదాకా కొద్దికొద్దిగా పోస్తాడు. పైదాకా పోయిస్తేనే గిట్టుబాటు అన్నది మనలో బాగా పాతుకుపోయిన నమ్మకం.

గన్ను ఆగాక పోయించుకునే ఆ కాసింత ఇంధనమే 2014 ఏప్రిల్‌లో ఒక పెద్ద రీకాల్‌లో అసలు విషయమైంది. మారుతి సుజుకి తన స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లను 1,03,311 దాకా వెనక్కి పిలిచింది. అవన్నీ 2013 నవంబరు 12కూ 2014 ఫిబ్రవరి 4కూ మధ్య తయారైన బళ్లు. మూత దగ్గర్నుంచి ట్యాంకులోకి దిగే ఫిల్లర్ నెక్‌ను మార్చాల్సి వచ్చింది. కటాఫ్ దాటి పోస్తే వాసన రావచ్చు, అరుదుగా కారవచ్చు కూడా అని కంపెనీయే చెప్పింది. ఏ లోపమూ లేని కారులోనైనా ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీ ఉండాల్సిందే. ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది, ఆవిరికి చోటు కావాలి. ఆ ఆవిరిని పట్టి ఉంచడానికి కారులో బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది. అందులోకి పెట్రోలే వెళ్లిందంటే డబ్బా పాడైపోతుంది. రౌండ్ ఫిగర్ కోసం ఇచ్చిన అరవై రూపాయలకు అది చాలా పెద్ద ఖర్చు.

దీనికి తోడుగా వినిపించే మాట ఇంకొకటుంది: "ఫుల్ ట్యాంకు చేయించిన రెండ్రోజులు వాసనొస్తుంది, తర్వాత అదే పోతుంది, మామూలే." అది మామూలు కాదు. చాలా కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది. పైనుంచి దాన్ని దించి, చుట్టూ రబ్బరు సీలుతో బిగిస్తారు. ఆ సీలు పోతే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే పెట్రోలు అక్కడిదాకా వచ్చి కారుతుంది. పావు ట్యాంకు తగ్గగానే వాసన తగ్గుతుంది, సీలు మాత్రం అలాగే ఉంటుంది. 2010 ఫిబ్రవరిలో ఎగుమతి చేసినవాటితో కలిపి లక్ష ఏ-స్టార్ కార్లను మారుతి పిలిపించింది ఈ పంపు గ్యాస్కెట్ మార్చడానికే. వాసన ఎప్పుడెప్పుడు వస్తోందో గుర్తుపెట్టుకుని చెబితే మెకానిక్‌కు సగం పని తప్పుతుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైనది, చదువుకున్నవాళ్లు కూడా గట్టిగా నమ్మేది: కారు కింద చుక్క పడలేదు కాబట్టి లీకు లేదు. ఇంజిన్ ఆయిల్ కారితే నేల మీద మరక పడుతుంది. పెట్రోలు అలా కాదు. వేడి ఇంజిన్ మీద పడ్డ పెట్రోలు నేలదాకా రాకముందే ఆవిరైపోతుంది. సున్నాకు దిగువన నలభై డిగ్రీల చలిలో సైతం అంటుకునేంత ఆవిరినివ్వగల ద్రవం అది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి పైకి పోదు, నేలబారుగా పరుచుకుంటుంది. అపార్టుమెంట్ సెల్లార్లలో, షట్టరు దించిన ఇంటి గ్యారేజీల్లో మూలకు చేరి కూర్చుంటుంది. పొద్దున్నే షట్టరు తీయగానే గుప్పుమంటే లైటు వేయకూడదు, కారు స్టార్టు చేయకూడదు. ముందు గాలి ఆడనివ్వాలి, తర్వాత బండిని చేత్తో బయటికి తోయాలి.

కార్బ్యురేటర్ రోజుల అనుభవం ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అంబాసిడర్‌లో, తొలినాళ్ల మారుతి 800లో పెట్రోలు పైపులో ఒత్తిడి నామమాత్రం. కారితే బొట్టుబొట్టుగా కారేది, కంటికి కనిపించేది. తర్వాత వచ్చిన ఇంజెక్షన్ కార్లలో అదే పైపులో మూడు నాలుగు బార్ల ఒత్తిడి, అంటే కారు టైరులో ఉండే గాలికంటే ఎక్కువ. సూదిమొనంత బీట పడితే చాలు, పెట్రోలు పొగమంచులా చిమ్ముతుంది. ఇంజిన్ ఆపేసినా ఆ ఒత్తిడి కొంతసేపు లైనులో నిలిచే ఉంటుంది.

పైపు ఎలా పాడవుతుందో తెలియాలంటే పదిహేనేళ్ల బండిలోంచి తీసిన ముక్కను చేతిలోకి తీసుకోవాలి. పైకి నల్లగా, బాగానే కనిపిస్తుంది. రెండు వేళ్ల మధ్య వంచగానే వెన్ను మీద సన్నటి నెర్రెలు విచ్చుకుంటాయి, ఎండిన చెరువు అడుగులా. గోటితో నొక్కితే రబ్బరు దిగదు, చెక్కలా ఉంటుంది. క్లిప్పు పట్టిన చోట లోతైన గాడి పడి ఉంటుంది, క్లిప్పు తీసినా ఆ గాడి పూడదు. ఇంజిన్ వేడి, ఏళ్లు, ఎలుక పళ్లు, ఇంధనం అన్నీ కలిసి చేసే పని ఇది. కాబట్టి "బండి తక్కువ తిరిగింది, 30 వేల కిలోమీటర్లే" అన్న ధీమా పైపులకు పనికిరాదు. రబ్బరుకు కిలోమీటర్ల లెక్క ఒక్కటే కాదు, దాని వయసు దానిది.

ఇథనాల్ గురించి రెండు వైపులా అతి నడుస్తోంది. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు పోయిస్తే పాత కార్లు తగలబడతాయనేవారు ఒక పక్క, ఏమీ కాదనేవారు మరో పక్క. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త కార్ల ఇంధన భాగాలను 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా చేస్తున్నారు. అంతకుముందు బళ్ల మాటేమిటి? 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖే చెప్పింది. ఖర్చు తక్కువేననీ, మామూలు సర్వీసింగులో అయిపోతుందనీ అంది. భయపడనక్కర్లేదు, అలాగని ఆ మాటను వదిలేయనూ కూడదు. పాత పెట్రోలు కారున్నవాళ్లు తర్వాతి సర్వీసుకు వెళ్లినప్పుడు పైపులు, సీళ్లు చూడమని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే చాలాచోట్ల చూడరు.

లీకు దొరికాక మొదలయ్యే వైద్యం మరో కథ. ట్యాంకుకు చిల్లి పడితే సబ్బు అరగదీసి పూయడం మన రోడ్ల మీద పాత విద్య. మెల్లగా కారే ట్యాంకును మెకానిక్ దాకా చేర్చడానికి అది సాయపడిందేమో గానీ, ఒత్తిడి ఉన్న పైపు ముందు సబ్బూ నిలవదు, టేపూ నిలవదు, ఎమ్‌సీలూ నిలవదు. పైపు మార్చినా "సైజు సరిపోతే చాలు" అనుకోవడం తప్పే. ఇంజెక్షన్ బండికి లోపలి పొర వేరే రబ్బరుతో, ఎక్కువ ఒత్తిడికి చేసిన పైపు కావాలి. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉంటుంది. ఆర్7 అని ఉంటే అది తక్కువ ఒత్తిడికి. క్లిప్పూ చిన్న విషయం కాదు. 2019 ఆగస్టులో 40,618 వ్యాగన్ఆర్ కార్లను మారుతి వెనక్కి పిలిచింది, పెట్రోలు గొట్టం ఒక లోహపు క్లాంపుకు రాసుకుంటుందేమోనన్న అనుమానంతో. వాటిలో అన్నిటికంటే పాతదానికి కూడా అప్పటికి ఏడాది నిండలేదు.

డీజిల్ అంటుకోదన్న మాట సగం నిజం. గిన్నెలో పోసి అగ్గిపుల్ల వేస్తే వెంటనే అంటుకోకపోవచ్చు. కానీ నిప్పురవ్వ లేకుండా వేడికే అంటుకునే విషయంలో డీజిల్ పెట్రోలుకంటే ముందుంటుంది. దానికి 210 డిగ్రీలు చాలు, టర్బో అంతకంటే చాలా ఎక్కువగా కాలుతుంది. కామన్ రైల్ పైపులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఎక్కడ చిమ్ముతోందో చూద్దామని చెయ్యి పెడితే ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఇప్పుడు రీకాల్ సంగతి. "వారంటీ అయిపోయింది", "నేను మూడో ఓనర్ని", ఈ రెండు కారణాలతో చాలామంది అసలు ఫోనే చేయరు. రీకాల్ బండికి వర్తిస్తుంది. వారంటీతో గానీ ఎవరి పేరు మీద ఉందన్నదానితో గానీ దానికి పని లేదు. చిక్కల్లా కబురు అందడంలోనే. చేతులు మారిన బండి గురించిన ఉత్తరం పాత యజమాని ఇంటికే పోతుంది. ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూసుకోవడమే దారి. చట్టం పాత బండికి పెద్దగా అండగా లేదన్నదీ తెలుసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రీకాల్ నిబంధనల కింద కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు, కానీ అవి ఏడేళ్లలోపు వాహనాలకే. రబ్బరు చీకడం మొదలయ్యే వయసులోనే ఆ రక్షణ ఆగిపోవడం అన్యాయం. అమెరికాలో ఉచిత మరమ్మతు గడువు 15 ఏళ్లు. కాకపోతే రీకాల్ పెండింగులో ఉన్న సెకండ్‌హ్యాండ్ కారును డీలరు అమ్మకుండా అక్కడి ఫెడరల్ చట్టం ఆపదు. చదువుకోవడానికి వెళ్లి తొలి ఏడాదే పాత కారు కొనే మన పిల్లలు డబ్బు కట్టకముందే నంబరు చూసుకోవాలి.

రీకాల్ చేయించాం, ఇక నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2022 నవంబరులో ఫోర్డ్ అమెరికాలో 5,21,778 ఎస్కేప్, బ్రాంకో స్పోర్ట్ కార్లను పిలిచింది. ఇంజెక్టరు చిట్లి పెట్రోలు కారే ప్రమాదం ఉంది. చేసిన మరమ్మతేమో ఒత్తిడి పడిపోతే పసిగట్టే సాఫ్ట్‌వేర్, కారిన పెట్రోలును వేడి భాగాలకు దూరంగా కిందికి పంపే గొట్టం. ఇంజెక్టర్లను మాత్రం మార్చలేదు. అందుకే 2024లో అక్కడి భద్రతా సంస్థ ఆ మరమ్మతు మీదే విచారణ మొదలుపెట్టింది. 2025 జులైలో ఆ తరహా ఇంజిన్లున్న దాదాపు ఏడు లక్షల బళ్లకు మళ్లీ పిలుపు వెళ్లింది. మన దగ్గర 2024 అక్టోబరులో హోండా పెట్రోలు పంపుల కోసం 90,468 కార్లను పిలిచినప్పుడు, వాటికి తోడు మరో 2,204 బళ్లు జాబితాలోకెక్కాయి. వాటిలో ఆ పంపు అంతకుముందే స్పేరుగా మార్చినదే.

అందుకే సర్వీస్ సెంటర్ నుంచి తాళాలతో పాటు జాబ్ కార్డు కూడా అడిగి తీసుకోవాలి. ఏ భాగం మార్చారో, లేక చూసి వదిలేశారో అందులో రాసి ఉంటుంది. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, వాసనేమీ లేదని చూసుకున్నాక, స్టార్టు చేయకుండా తాళం ఆన్ చేస్తే పంపు రెండు క్షణాలు గుయ్యిమని లైను నింపుతుంది. అప్పుడు బానెట్ ఎత్తి, టార్చి వెలుగులో ప్రతి క్లిప్పు దగ్గరా తడి ఉందేమో చూడాలి.