‘బండి వణుకుతోంది’ అంటే ముందు ఏం అడగాలి?

‘‘కదిలేటప్పుడు బండి వణుకుతోందని కస్టమర్ వచ్చాడు. మీరేం చేస్తారు?’’ సర్వీస్ సెంటర్లకు, పాత కార్లు కొని అమ్మే సంస్థలకు ఇంటర్వ్యూకి వెళ్లే మెకానికల్ విద్యార్థులు ఇలాంటి ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. ‘క్లచ్ మార్చేస్తా’ అంటే తొందరపడ్డట్టే. పొద్దున స్టార్ట్ చేయగానేనా, వేడెక్కాకా? ఏ గేరులో? ఇలా తిరిగి అడిగేవాడికే పని తెలుసని అర్థం.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌నే తీసుకోండి. నాలుగు మీటర్లలోపు ఉండే ఈ ఎస్‌యూవీ మన దగ్గరికి 2013లో వచ్చింది. అప్పటి పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉండేది. ఒక క్లచ్ బేసి గేర్లను, రెండోది సరి గేర్లను చూసుకుంటుంది. రెండూ ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లే. సీలు దగ్గర ఆయిల్ కారి వాటి మీద పడిందా, పట్టు సరిగా దొరక్క బండి వణుకుతుంది. ఆస్ట్రేలియాలో ‘పవర్‌షిఫ్ట్’ పేరుతో ఈ తరహా గేర్‌బాక్స్ ఉన్న ఫోకస్, ఫియస్టా, ఎకోస్పోర్ట్ ఓనర్లు వణుకు గురించి మొత్తుకున్నారు. లోపం సంగతి తెలిసి కూడా కంపెనీ చాలామందితో ‘మీరు నడిపే తీరు వల్లే’ అంది. అక్కడి వినియోగదారుల కమిషన్ కోర్టుకెళ్లింది. 2018లో ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. గమనించండి, అది గేర్‌బాక్స్ పాడైనందుకు కాదు, ఫిర్యాదు చేసినవాళ్లతో వ్యవహరించిన తీరుకి.

మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. పాత ఎకోస్పోర్ట్‌లు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. నరసరావుపేటలో ఒకటి అమ్మకానికి వస్తే అది మాన్యువలా, ఆటోమేటిక్ అయితే ఏ సంవత్సరందీ అన్నది ముందు తేల్చుకోవాలి. 2017 చివర్లో వచ్చిన ఫేస్‌లిఫ్ట్ నుంచి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు. బ్యాడ్జి ఒకటే, జబ్బులు వేరు.

ఇక పల్నాడు ఎండా, దుమ్మూ. రెంటచింతల ఎండ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. పిడుగురాళ్ల వైపు సున్నం బట్టీల దుమ్ము సరేసరి. ‘గురజాల దాకా ఏసీ చల్లగానే వచ్చిందండీ, ఊళ్లో ఆగితే వేడిగాలి కొడుతోంది’ అని ఓనర్ అన్నాడనుకోండి. గ్యాస్ నింపించమని పంపేయొద్దు. బండి పరుగులో ఉంటే ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. కాబట్టి మొదటి అనుమానం ఫ్యాన్, దాని రిలే, కండెన్సర్ రేకుల్లో పేరుకున్న దుమ్ము మీదే. ఆయన మాటలోనే సగం జవాబు ఉంది.

ఓనర్ దాచే సందర్భాలూ ఉంటాయి. అమ్మే ముందు స్కానర్‌తో ఎర్రర్ కోడ్‌లు చెరిపేస్తే డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు ఆరిపోతుంది. అప్పుడు ఓబీడీ స్కానర్‌లో ‘రెడీనెస్ మానిటర్లు’ చూడండి. కోడ్‌లు చెరిపినా, బ్యాటరీ తీసినా ఈ పరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి. చాలావరకు ‘నాట్ రెడీ’ అని చూపిస్తే కొన్ని రోజులు నడిపి మళ్లీ స్కాన్ చేయాలి. స్కానర్ చేతికివ్వగానే కోడ్‌ల దగ్గరే ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

ఈ పని తెలిస్తే సర్వీస్ అడ్వైజర్, పాత కార్ల ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలకు పనికొస్తుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ దారి కూడా ఉంది. ఇంజినీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవాళ్లు శిక్షణ పూర్తిచేసి, పరీక్ష పాసైతే ఐఆర్‌డీఏఐ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

సెలవుల్లో నరసరావుపేటలోనో మాచర్లలోనో తెలిసిన షెడ్డుంటే నెల రోజులు వెళ్లి కూర్చోండి. నోటుబుక్‌లో మూడు గళ్లు గీయండి: ఓనర్ చెప్పిన మాట, మేస్త్రి మొదటి అనుమానం, విప్పాక తేలిన లోపం. ఓనర్ మాటను ఆయన అన్నది అన్నట్టే రాయండి. ఇంటర్వ్యూకి రెజ్యూమెతోపాటు ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లండి.