పప్పు, శెనక్కాయల సూప్: నీళ్లు మంచివైతేనే నునుపు

నెల్లూరంటే చేపల పులుసని లోకమంతా ఎరుగును. మైపాడు వైపు మా ఊళ్లో ఆ వాసన రాని ఇల్లంటే మాదొక్కటే. "మరి మీకు బలం ఎక్కణ్ణించి వస్తాదమ్మా?" అని పాలామె అడుగుతుంటుంది. మా ఇసక నేలల్లో పండే శెనక్కాయల్నే చూపిస్తాను. వంద గ్రాముల గింజల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. పెసరపప్పులోనూ దాదాపు అంతే. ఈ రెండూ కలిపి చేసే సూప్ అయితే, పళ్లూడిన మా అత్తమ్మకీ ఇబ్బంది ఉండదు.

నలుగురికి అర కప్పు పెసరపప్పు, గుప్పెడు శెనగ్గింజలు, అయిదారు జీడిపప్పులు చాలు. గింజలు ముడతలు పడినా, బూజు పట్టినా నిర్దాక్షిణ్యంగా ఏరి పారేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం, ఉడికించినా పూర్తిగా పోదు. మంచి గింజల్ని నాలుగు గంటలు నానబెట్టి పొట్టు తీస్తే వగరు తగ్గుతుంది. పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, అన్నీ కలిపి పసుపు, అల్లం ముక్క వేసి కుక్కర్లో పెట్టాలి.

మా తీరంలో అసలు చిక్కు ఇక్కడే. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన, లేదా చవుడు. అలాంటి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గోడల్లోని పెక్టిన్‌ను పట్టేసి బిగిస్తాయి. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. దాన్ని మిక్సీలో వేస్తే నలుగుతుంది కానీ నాలుకకు ఇసకలాగే తగులుతుంది. అందుకే తాగే నీళ్లతోనే ఉడికిస్తాను. చిటికెడు వంటసోడా వేసినా మెత్తబడుతుంది గానీ, ఎక్కువైతే సబ్బు రుచి, పైగా బి1 విటమిన్ నష్టం. పులుపుదీ అదే తంతు. టమాటా, చింతపండు ముందే వేస్తే పప్పు మొండికేస్తుంది. మెదిపాకే వేయాలి.

ఉడికింది చల్లారాక మిక్సీ పట్టండి. వేడిగా వేస్తే ఆవిరికి మూత ఎగిరిపడుతుంది. వట్టి పప్పునే రుబ్బితే కాసేపటికి ముద్ద అడుక్కి, నీళ్లు పైకి విడిపోతాయి. శెనగ్గింజలో దాదాపు సగం నూనే, పప్పులో ఒక శాతమే. ఆ నూనె, జీడిపప్పులోని పిండి పదార్థం కలిసి సూప్‌ను విరగకుండా పట్టి ఉంచుతాయి. ఘనా, సెనెగల్ వాళ్లూ వేరుశనగ ముద్దతోనే సూపులు, కూరలు చిక్కబరుస్తారు.

తిరిగి పొయ్యిమీద పెట్టి, కావలసినన్ని వేడినీళ్లు, ఉప్పు, టమాటా గుజ్జు వేసి ఒక పొంగు రానివ్వాలి. నేతిలో జీలకర్ర, కచ్చాపచ్చా దంచిన మిరియాలు, కరివేపాకు తాలింపు. దించాక నిమ్మరసం. శెనక్కాయలు, జీడిపప్పు పడనివాళ్లకు మాత్రం పెట్టకండి.

ఇంత బలమైన సూప్ తాగాక అన్నమెందుకంటారు మా పిల్లలు. పప్పులో తక్కువగా ఉండే మెథియొనైన్ బియ్యంలో ఉంది, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంది. మొలగొలుకులైతేనేం, నెల్లూరు మసూరి అయితేనేం, నాలుగు ముద్దలు తినే లేవమంటాను. మిగిలిన సూప్ రాత్రికి గట్టిపడుతుంది. ఆ అన్నంలోకి పప్పులా కలుపుకుంటే, ఇక కూర వండే పని తప్పుతుంది.