రక్తహీనత వెనుక దాగిన రోగము

క్షయ, కీళ్లవాతము వంటి దీర్ఘవ్యాధులతో బాధపడువారు క్రమముగా పాలిపోవుట మనము చూచుచునే యున్నాము. వెంటనే ఇనుము మాత్రలు తెచ్చి ఇచ్చెదము. అయినను పలువురిలో రక్తము తగినంత పెరుగదు. కారణమేమని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు.

రక్తకణములు ఎముకల మూలుగలో పుట్టును. ఎర్రకణము ఆయువు సుమారు 120 దినములే. కనుక సెకనుకు దాదాపు 20 లక్షల కొత్త కణములు పుట్టుచుండవలెను. శోథము, అనగా రోగముతో పోరాడు శరీరమున కలుగు తాపము, నెలల తరబడి నిలిచినచో ఇంటర్‌ల్యూకిన్-6 అను సంకేత పదార్థము కాలేయముచే హెప్సిడిన్ అను హార్మోనును అధికముగా తయారుచేయించును. ఇది ప్రేగులనుండి ఇనుము రక్తములో చేరకుండ అడ్డుపడును. పాతకణములనుండి లభించిన ఇనుమును భక్షక కణములలోనే బంధించును. సూక్ష్మజీవులకు ఇనుము దక్కనీయని రక్షణోపాయమే చివరకు రోగికి భారమగును. మూలుగ సైతము తెల్లకణముల వైపు మొగ్గును. ఎర్రకణములను పుట్టించు ఎరిత్రోపోయిటిన్ ప్రభావము మందగించును. గాదెలో ధాన్యముండియు పొయ్యి వెలుగని ఇంటివలె, ఇనుముండియు రక్తము కొరవడును.

కావున విద్యార్థులారా, ఇంట పెద్దలు పాలిపోయినచో టానిక్కుతో తృప్తిపడక వైద్యునిచే పరీక్ష చేయించుడు. నిజమైన ఇనుము లోపమా, దాగిన వ్యాధియా, లేక రెండునా యని పరీక్షయే తేల్చును. మూలవ్యాధి నయమగుటయే ఈ రక్తహీనతకు మొదటి మందు.